రెండుసార్లు పోయిన కాగితం: వుడ్రో కీబుల్ పతకం మనకు చెప్పేది



ఈ పోస్టు కాస్త పొడుగు. బస్సులోనో హాస్టల్లోనో తీరిక దొరికినప్పుడు చదవండి, మధ్యలో మాత్రం వదలొద్దు.

మన గ్రూపులో నెలకొకసారైనా ఎవరో ఒకరు అడుగుతుంటారు: "అన్నా, మా తాత పేరు పట్టాలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. ఆఫీసుకు పోతే రుజువు తెమ్మంటున్నారు. ఏం చేయాలి?" అడిగేది ఒక అక్షరం గురించే. కానీ ఆ అక్షరం వెనక భూమి ఉంటుంది, పింఛను ఉంటుంది, కొన్నిసార్లు ఆ మనిషి జీవితం మొత్తం ఉంటుంది. ఈ రోజు రాస్తున్నది కూడా అలాంటి కాగితం గొడవ గురించే. అయితే మన దేశంలో జరిగింది కాదు. అమెరికాలో ఒక ఆదివాసీ సైనికుడు 1951లో చేసిన పనికి రావలసిన పతకం 2008లో వచ్చింది. అప్పటికి ఆయన చనిపోయి 26 ఏళ్ళు. మధ్యలో ఏం జరిగింది, చివరికి అది ఎలా సరైంది అనేది మనం తెలుసుకోవాల్సిన చరిత్ర.

ఎవరీ కీబుల్?

పేరు వుడ్రో విల్సన్ కీబుల్. మన పాత పాఠ్యపుస్తకాల్లో "రెడ్ ఇండియన్లు" అని ఒకే మాటతో చెప్పేసేవాళ్ళు కదా, నిజానికి అక్కడ వందల తెగలు. కీబుల్‌ది సూ జాతి, అందులో సిస్సెటన్-వాపెటన్ ఓయాటే. 1917లో సౌత్ డకోటా రాష్ట్రంలోని వాబే అనే ఊళ్ళో పుట్టాడు. చిన్నప్పుడే తల్లి పోయింది. ఇల్లు గడవని పేదరికం. పక్క రాష్ట్రం నార్త్ డకోటాలో వాపెటన్ అనే చోట ఆదివాసీ పిల్లల కోసం ప్రభుత్వం నడిపే బోర్డింగ్ స్కూల్లో పెరిగాడు.

ఆ బోర్డింగ్ స్కూళ్ళ గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. ఆ రోజుల్లో అమెరికాలో చాలా బోర్డింగ్ స్కూళ్ళలో ఆదివాసీ పిల్లలు తమ భాష మాట్లాడితే శిక్షించేవాళ్ళు. జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, అమ్మ భాష మరిచిపోయేలా చేయడమే చదువు అనుకున్న కాలం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

కీబుల్ మంచి ఆటగాడు. బేస్‌బాల్‌లో బంతి విసరడంలో దిట్ట. చికాగో వైట్ సాక్స్ అనే పెద్ద జట్టు ఆయన్ని తీసుకోవాలని చూస్తున్న సమయంలోనే సైన్యం నుంచి పిలుపు వచ్చింది. నార్త్ డకోటా నేషనల్ గార్డ్‌కు చెందిన 164వ పదాతిదళంలో చేరి, 1942లో పసిఫిక్ మహాసముద్రంలోని గ్వాడల్‌కెనాల్ దీవిలో జపాన్ సైన్యంతో పోరాడాడు. రెండో ప్రపంచ యుద్ధంలో దాదాపు 44 వేల మంది అమెరికా ఆదివాసులు సైన్యంలో పనిచేశారు. ఆదివాసులందరికీ చట్టప్రకారం పౌరసత్వం ఖాయమైంది 1924లో. అంటే మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ దేశం కోసం పోరాడిన ఆదివాసుల్లో చాలామంది అప్పటికి ఆ దేశ పౌరులు కూడా కారు!

ఆ కొండ మీద

కీబుల్ యుద్ధం అయ్యాక ఇంటికి వచ్చి, తను చదివిన స్కూల్లోనే పనికి కుదిరాడు. 1951లో కొరియా యుద్ధం కోసం మళ్ళీ పిలుపు వచ్చింది. అప్పటికి వయసు దాదాపు 34. యుద్ధభూమికి ఎవరు వెళ్ళాలో తేల్చాల్సి వచ్చినప్పుడు, కుర్రవాళ్ళకు పోరాటం నేర్పేవాడు ఒకడు కావాలి కదా అని తనంతట తానే ముందుకొచ్చాడు. 24వ పదాతి డివిజన్, 19వ రెజిమెంట్, జి కంపెనీలో సార్జెంటు.

1951 అక్టోబర్. సాంగ్సాన్-నీ దగ్గర కొండలు. శత్రువు పైన బంకర్లలో మెషిన్ గన్లు పెట్టుకుని కూర్చున్నాడు. కింద నుంచి ఎక్కుతున్నవాళ్ళు పిట్టల్లా రాలిపోతున్నారు. కీబుల్‌కు అప్పటికే అంతకుముందు రోజుల పోరులో గాయాలు ఉన్నాయి. అక్టోబర్ 20న ఆయన ఒక్కడే పాకుకుంటూ పైకి పోయాడు. గ్రెనేడ్ వేసి ఒక మెషిన్ గన్ స్థావరాన్ని పేల్చాడు. అక్కడి నుంచి రెండోది. తర్వాత మూడోది. ఎగువనున్న శత్రువు మొత్తం ఆయన మీదే కాల్పులు, గ్రెనేడ్లు కురిపించినా ఆగలేదు. మూడు స్థావరాలూ పోయాక గానీ కింద ఉన్న కంపెనీ కొండ ఎక్కలేకపోయింది. చిన్నప్పుడు బేస్‌బాల్ విసిరిన చేయి అది.

రెండుసార్లు పోయింది

అమెరికా సైన్యంలో అన్నిటికంటే పెద్ద పతకం మెడల్ ఆఫ్ ఆనర్. మన పరమవీర చక్ర లాంటిది. ఆ పతకం కీబుల్‌కు ఇవ్వాలని జి కంపెనీలో బతికి బయటపడ్డవాళ్ళు సంతకాలు పెట్టి సిఫార్సు రాశారు. ఆ కాగితం పోయింది. మళ్ళీ రాశారు. అదీ పోయింది. ఎక్కడ పోయిందో, ఎవరి బల్ల మీద ఆగిపోయిందో తేలలేదు. 2008లో వైట్ హౌస్‌లో జరిగిన సభలో అప్పటి అధ్యక్షుడు జార్జ్ బుష్ ఈ విషయం దాచకుండా ఒప్పుకున్నాడు. కొందరు దీన్ని ఆఫీసుల నిర్లక్ష్యం అంటారని, ఇంకొందరు జాతి వివక్ష అని అనుమానిస్తారని ఆయనే చెప్పాడు.

అప్పట్లో ఆయనకు దక్కింది డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్. అది రెండో స్థాయి పతకం, చిన్నదేమీ కాదు. కానీ కళ్ళారా చూసినవాళ్ళు అడిగింది అది కాదు. ఇంకోపక్క గడువు అనే గోడ ఉంది. 1918 నాటి చట్టం ప్రకారం సంఘటన జరిగిన రెండేళ్ళలోపు సిఫార్సు, మూడేళ్ళలోపు పతకం పూర్తవ్వాలి. కాగితం పోయింది వాళ్ళ ఆఫీసులోనే, గడువు దాటిపోయింది మాత్రం కీబుల్‌కు.

ఇంటికొచ్చాక

కీబుల్ ఇంటికి వచ్చాక టీబీ పట్టుకుంది. ఒక ఊపిరితిత్తి తీసేయాల్సి వచ్చింది. తర్వాత వరుసగా పక్షవాతం దెబ్బలు. మాట పడిపోయింది. పనికి పోలేని స్థితి. చేతిలో డబ్బు లేక, సంపాదించుకున్న పతకాలనే తాకట్టు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ మనిషి తన కథ తాను చెప్పుకుందామన్నా గొంతు లేదు. 1982 జనవరి 28న చనిపోయాడు.

ఇక్కడే చాలా కథలు అయిపోతాయి. మన ఊళ్ళల్లో కూడా అంతే కదా. తాత పోతాడు, ఆయన చెప్పిన మాటలు రెండు మూడేళ్ళు ఇంట్లో తిరుగుతాయి, తర్వాత అవీ పోతాయి. కీబుల్ కథ అలా అయిపోలేదు. ఎందుకు? ఇంట్లోవాళ్ళు, తెగ, తోటి సైనికులు వదిలిపెట్టలేదు కాబట్టి.

కుటుంబం మొదలుపెట్టిన పని

ఆయన రెండో భార్య పేరు బ్లాసమ్. చదువుకున్న మనిషి, డాక్టరేట్ చేసిన సూ మహిళ. ఆమె, ఆమె కొడుకు రసెల్ హాకిన్స్, సిస్సెటన్-వాపెటన్ తెగ పెద్దలు కలిసి 2002 ప్రాంతంలో పని మొదలుపెట్టారు. కీబుల్‌తో పోరాడినవాళ్ళలో ఇంకా బతికున్నవాళ్ళ వాంగ్మూలాలు కావాలి. వాళ్ళకు అప్పటికే డెబ్బై ఏళ్ళు పైబడ్డాయి. ఇంకో పదేళ్ళు ఆగి ఉంటే అడగడానికి ఎవరూ మిగిలేవాళ్ళు కాదేమో. ఆ వాంగ్మూలాలు, పాత రికార్డులు కలిపి సైన్యానికి పంపారు. నార్త్, సౌత్ డకోటా రాష్ట్రాల సెనేటర్లు వెంటపడ్డారు. అర్హత ఉందని సైన్యం ఒప్పుకున్నా గడువు చట్టం అడ్డం. చివరికి 2007లో ఆ గడువు కీబుల్ విషయంలో వర్తించకుండా అమెరికా కాంగ్రెసే సడలింపు ఇచ్చింది.

2008 మార్చి 3న వైట్ హౌస్‌లో పతకం ఇచ్చారు. రసెల్ హాకిన్స్ అందుకున్నాడు. వేదిక మీద రెండు ఖాళీ కుర్చీలు వేశారు. ఒకటి కీబుల్‌ది. రెండోది బ్లాసమ్‌ది. అన్నేళ్ళు ఎదురుచూసిన ఆమె 2007 జూన్‌లో, ఇంకో తొమ్మిది నెలల్లో పతకం వస్తుందనగా చనిపోయింది.

పూర్తి సూ రక్తం ఉన్నవాళ్ళలో మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చిన మొదటి మనిషి కీబుల్ అని ఆ రోజు గర్వంగా చెప్పుకున్నారు. గర్వమే. కానీ ఆ ఖాళీ కుర్చీలను కూడా మర్చిపోకూడదు. ఆలస్యంగా వచ్చిన న్యాయానికి అందుకోవాల్సిన చేతులు మిగలవు.

ఇది ఒక్కడి కథ కాదు

రికార్డుల్లో పతకాలు లేకపోవడం అక్కడ చాలామందికి జరిగింది. కారణాలు నాలుగు రకాలు. తెలుసుకుంటే మన కాగితాల గొడవలు కూడా అర్థమవుతాయి.

ఒకటి, గుమాస్తా చేతి తప్పు. అమెరికా సైనికుడు ఉద్యోగం నుంచి బయటికి వచ్చేటప్పుడు డీడీ-214 అనే డిశ్చార్జి కాగితం ఇస్తారు. ఎక్కడ పనిచేశాడు, ఏ పతకాలు వచ్చాయి, అన్నీ అందులో ఉండాలి. ఇంటికి పోవాలనే తొందరలో సైనికుడు సంతకం పెట్టేస్తాడు, ముగించాలనే తొందరలో గుమాస్తా రెండు పతకాలు వదిలేస్తాడు. యూనిట్ ఉత్తర్వులో పతకం ఉంటుంది, డిశ్చార్జిలో ఉండదు.

రెండు, తర్వాత వచ్చిన నిర్ణయాలు. రెండో ప్రపంచ యుద్ధంలో ముందు వరసలో పోరాడి పదాతి సైనికుల పోరాట బ్యాడ్జీ పొందినవాళ్ళకు బ్రాంజ్ స్టార్ కూడా ఇవ్వాలని సైన్యం 1947లో నిర్ణయించింది. అప్పటికి వాళ్ళంతా ఇళ్ళకు పోయారు. తమకు అర్హత ఉందని తెలియకుండానే చాలామంది పోయారు. అలాగే దక్షిణ కొరియా ప్రభుత్వం 1950ల్లోనే ఇస్తామన్న యుద్ధ పతకాన్ని అమెరికా తన సైనికుల కోసం 1999లో గానీ అంగీకరించలేదు. 1953లో టైపు చేసిన కాగితంలో 1999 పతకం ఎలా ఉంటుంది?

మూడు, అగ్ని. 1973 జులై 12న అర్ధరాత్రి దాటాక సెయింట్ లూయిస్ దగ్గర సైనిక రికార్డుల భవనంలో ఆరో అంతస్తు అంటుకుంది. మంటలు ఆర్పే నీటి పైపుల ఏర్పాటు అక్కడ లేదు. 1 కోటి 60 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల ఫైళ్ళు నాశనమయ్యాయి. 1912 నుంచి 1960 మధ్య సైన్యం నుంచి బయటికి వచ్చినవాళ్ళ ఫైళ్ళలో 80 శాతం పోయాయి. నకళ్ళు లేవు, మైక్రోఫిల్మ్ లేదు, ఏవేవి కాలాయో చెప్పే పూర్తి జాబితా కూడా లేదు. కాలినవీ తడిసినవీ కలిపి సుమారు 65 లక్షల ఫైళ్ళను ఎండబెట్టి కాపాడగలిగారు. రెండు ప్రపంచ యుద్ధాల్లో, కొరియాలో పోరాడిన ఆదివాసుల కాగితాలు ఈ కాలంలోవే.

నాలుగు, రహస్యం. బోర్డింగ్ స్కూళ్ళలో భాష మాట్లాడితే కొట్టేవాళ్ళని పైన చెప్పాను కదా. అదే భాషలు యుద్ధంలో పనికొచ్చాయి. 1918లో ఫ్రాన్స్‌లో జర్మన్లు ఫోన్ లైన్లు వింటుంటే, చోక్టా తెగ సైనికులు తమ భాషలో సందేశాలు పంపారు. శత్రువుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో నవాజో, కొమాంచీ, ఇంకా ఎన్నో తెగలవాళ్ళు ఇదే పని చేశారు. కానీ నోరు విప్పొద్దన్నారు. నవాజో కోడ్ సంగతి 1968 దాకా రహస్యమే. భార్యకు, పిల్లలకు చెప్పుకోలేని పని డిశ్చార్జి కాగితంలో ఎక్కడ రాస్తారు? నవాజోలకు గౌరవం 2001లో వచ్చింది. మిగతా తెగల కోసం 2008లో చట్టం చేసి, 2013 నవంబర్ 20న వాషింగ్టన్‌లో 33 తెగలకు కాంగ్రెస్ బంగారు పతకాలు ప్రకటించారు. ఆ సభకు వచ్చిన కోడ్ టాకర్ ఒకే ఒక్కడు, సెమినోల్ తెగకు చెందిన ఎడ్మండ్ హార్జో. వయసు దాదాపు 96. కొమాంచీల్లో చివరివాడు చార్లెస్ చిబిట్టీ 2005లోనే పోయాడు.

సరిదిద్దే దారి ఎలా ఉంటుంది

ఇంత జరిగాక కూడా అక్కడ రికార్డు సరిచేయించుకునే దారులు ఉన్నాయి. వాటి పద్ధతి చూడండి.

పతకం అప్పట్లోనే మంజూరై, డిశ్చార్జిలో ఎక్కకపోతే అది సులువు. ఉత్తర్వు చూపిస్తే డీడీ-215 అనే సవరణ కాగితం ఇస్తారు. పాతది చింపేయరు, దాని వెంట ఇది ఉంటుంది. ఆఫీసు ఒప్పుకోకపోతే రికార్డుల సవరణ బోర్డు ఉంది. తప్పు తెలిసిన మూడేళ్ళలోపు అడగాలని నియమం, కానీ న్యాయం కోసం అవసరమైతే ఆ గడువును బోర్డే పక్కన పెట్టొచ్చు. అసలు పతకమే మంజూరు కాకపోతే అది వేరే దారి. కాంగ్రెస్ సభ్యుడి ద్వారా కొత్తగా సిఫార్సు పంపాలి. ఈ దారిని 1996లో చట్టంలో పెట్టారు.

ఫైలు కాలిపోయినవాళ్ళ సంగతి? జీతం పట్టీలు, యూనిట్ రోజువారీ హాజరు రిపోర్టులు, ఆస్పత్రిలో చేరిన కార్డులు వేరే చోట్ల ఉంటాయి. వాటితో సేవను మళ్ళీ నిర్మిస్తారు. ఇంట్లో ఉన్న ఉత్తరం, ఫొటో, పాత పేపర్ ముక్క, తోటి సైనికుడి వాంగ్మూలం కూడా జత చేస్తారు.

దీంట్లో నాకు అర్థమైంది ఒక్కటే. "మా తాత గొప్ప వీరుడు" అనే మాట ఏ ఆఫీసులోనూ నిలబడదు. "ఫలానా తేదీన, ఫలానా చోట, ఫలానా యూనిట్‌లో ఈ పని చేశాడు, నేను పక్కనే ఉండి చూశాను, ఇదిగో సంతకం" అంటే నిలబడుతుంది. కీబుల్ ఎంత ధైర్యవంతుడైనా, ఆయన్ని గెలిపించింది చూసినవాళ్ళ సంతకాలే. కాగితం రెండుసార్లు పోయినా చూసినవాళ్ళు బతికున్నారు, అడిగేవాళ్ళు అడిగారు.

మరి మనం?

మన దేశంలోనూ ఆదివాసీ సైనికులు ఉన్నారు. 1971 యుద్ధంలో గంగాసాగర్ దగ్గర ప్రాణాలిచ్చి పరమవీర చక్ర పొందిన ఆల్బర్ట్ ఎక్కా జార్ఖండ్ ఉరావ్ ఆదివాసీ బిడ్డ. ఆయన పేరు అందరికీ తెలుసు. మన మండలాల్లో ఆర్మీలో చేసి వచ్చిన పెద్దల పేర్లు మనకెంత మందికి తెలుసు?

మీ ఊళ్ళో అలాంటి తాతో బాబాయో ఉంటే, ఈ సెలవుల్లో పోయి కూర్చోండి. డిశ్చార్జి బుక్ చూపించమని అడగండి. సర్వీస్ నంబరు, రెజిమెంట్, చేరిన తేదీ, వచ్చిన తేదీ రాసుకోండి. ఏ పతకాలు వచ్చాయని చెబుతున్నాడో, బుక్‌లో ఏవి ఉన్నాయో పక్కపక్కన రాయండి. పేరు, ఊరు, భార్య పేరు స్పెల్లింగ్ సరిగ్గా ఉన్నాయా చూడండి. సైన్యంలో పెళ్ళి, పిల్లలు లాంటివి పార్ట్ టూ ఆర్డర్‌లో ఎక్కుతాయి. అందులో పేరు తేడా ఉంటే రేపు ఫ్యామిలీ పింఛను దగ్గర ఆ అవ్వ తిప్పలు పడుతుంది. తేడా కనిపిస్తే ఆ రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుకు రాయాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో దారి చెబుతారు. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర లాంటి శౌర్య పతకాలైతే భారత గెజిట్‌లో ప్రచురిస్తారు, అక్కడ పేరు వెతకొచ్చు. అన్నిటికీ ఫొటోలు తీసి రెండు చోట్ల దాచండి. ఒకే కాపీ ఉంటే ఏమవుతుందో సెయింట్ లూయిస్ చెప్పింది.

ఆయనతో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడగండి. ఫోన్ నంబరు ఉంటే ఈ రోజే మాట్లాడించండి. ఆ ముసలాయన "ఇప్పుడెందుకు బిడ్డా ఇవన్నీ" అంటాడు. అన్నా సరే, వదలొద్దు.

ఇది సైనికులకే కాదు. పోడు భూమి కోసం హద్దు రాళ్ళు చూపించిన పెద్దలు, 2006 అటవీ హక్కుల చట్టం కింద సాక్ష్యం చెప్పగల ముసలివాళ్ళు, వాళ్ళు కూడా మన ఫైళ్ళే. ఆ చట్టం నియమాల్లో ఊరి పెద్దల వాంగ్మూలాన్ని రాసి పెడితే రుజువుగా లెక్కిస్తారు. రాసి పెడితేనే.

వైట్ హౌస్ వేదిక మీద ఆ రోజు రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మన ఇళ్ళల్లో మంచం మీద కూర్చున్న పెద్దలు ఇంకా ఉన్నారు. ముందు వాళ్ళ దగ్గరికి పోదాం, నోటు పుస్తకం తీసుకుని.

మీ ఊళ్ళో ఎవరైనా మాజీ సైనికులు ఉంటే, వాళ్ళ అనుమతి తీసుకుని వాళ్ళ కథ ఇక్కడ రాయండి. సర్వీస్ నంబర్లు, ఫోన్ నంబర్లు మాత్రం పోస్టులో పెట్టొద్దు.

జోహార్.